వ్యాజ్యమునకు ముందే వకీలు

వ్యాజ్యము వచ్చిన తరువాతనే వకీలు జ్ఞాపకమునకు వచ్చుట లోకసహజము. రోగము ముదిరిన పిమ్మట వైద్యుని యింటికి పరుగెత్తునట్లే, సమన్లు చేతికి అందిన దినమున మనము న్యాయవాది గుమ్మము తొక్కుదుము. ధనవంతుల సంగతి వేరు. పెద్ద కంపెనీ ఏదియు తన న్యాయవాది చూడనిదే ఒక్క ఒడంబడికపైనను సంతకము చేయదు. పదిమంది కూడి పెట్టుకొన్న పఠనమందిరమునకు గాని, అనాథబాలల వసతిగృహమునకు గాని, అన్నదమ్ములిద్దరు అప్పు తెచ్చి తెరచిన చిన్న దుకాణమునకు గాని ఆ భాగ్యము లేదు. వారికి ముఖ్యముగా కావలసినవాడు కోర్టులో వాదించు వకీలు కాదు. కోర్టు వఱకు పోనక్కఱ లేకుండ దస్తావేజును సరిగా వ్రాసి యిచ్చు వకీలు వారికి కావలెను.

ఇట్టి సాయమును ఫీజు లేకుండ చేయవలెననియు, దానికై న్యాయవాదులకు ప్రత్యేకముగా శిక్షణ యీయవలెననియు తోచుటకు చాల కాలము పట్టినది. ఈ కథ ఎక్కువగా అమెరికా దేశములో నడచినది. అందు మనకును పనికివచ్చు పాఠ మొకటి కలదు గనుక ముందు ఆ దేశపు చరిత్ర చెప్పుకొని, తుదకు మన సంగతికి వత్తము.

న్యాయవాదులు ఫీజు పుచ్చుకొనక చేయు పనిని పాశ్చాత్యులు 'ప్రో బోనో పబ్లికో' అందురు. ఇది లాటిన్ మాట. ప్రజల మేలు కొఱకు అని దాని అర్థము. వాడుకలో అది 'ప్రో బోనో' అయినది. దయగల వకీలు బీదవాని వద్ద ఫీజు పుచ్చుకొనకుండుట ఏ దేశములోనైనను కలదు. అయితే అది ఒక మనిషి దయ. అది వ్యవస్థగా మారుట 1876లో న్యూయార్కు నగరమున మొదలయ్యెను.

ఆ కాలమున జర్మనీ నుండి ఓడలలో వేలకొలది జనులు ఆ రేవున దిగుచుండిరి. వారికి దేశభాష రాదు, చట్టము తెలియదు. పని చేయించుకొని కూలి ఎగవేయువారును, మాయమాటలతో ఉన్న సొమ్ము కాజేయువారును వారిని చుట్టుముట్టుచుండిరి. అప్పటికే అచట స్థిరపడిన జర్మనులు తమ వారి రక్షణకై ఒక న్యాయరక్షణ సంఘమును స్థాపించిరి. విస్కాన్సిన్ రాష్ట్రమునకు పూర్వము గవర్నరుగా పనిచేసిన ఎడ్వర్డ్ సాలమన్ అందులకు పూనుకొన్నవారిలో ముఖ్యుడు. 1890లో ఆర్థర్ వాన్ బ్రీసెన్ అను న్యాయవాది ఆ సంఘమునకు అధ్యక్షుడై, జర్మనులకే గాక నగరములోని బీదలందఱకు దాని తలుపులు తెరచెను. 1896లో అది 'లీగల్ ఎయిడ్ సొసైటీ' అను పేరు దాల్చెను. నేటికిని అది పని చేయుచునే యున్నది. ఆ సంఘము నొద్దకు ఎక్కువగా వచ్చిన కక్షిదారు కూలి రాని కూలివాడు. వచ్చిన అన్యాయమును తీర్చుటయే అచటి పని. మొదట కంటబడు బాధ అదియే గనుక మొదట దొరకిన మందు కూడ అదియే.

న్యాయవాది మఱియొక విధముగా కూడ ప్రజలకు ఉపకరింపగలడని చూపినవాడు లూయీ బ్రాండైస్. బోస్టన్ నగరములో పెద్ద ప్రాక్టీసు గల ఈయన, తరువాత 1916లో ఆ దేశపు సుప్రీంకోర్టు న్యాయమూర్తి అయ్యెను. సమర్థులైన న్యాయవాదులు పెద్ద కంపెనీలకు తోకలైపోయి, ప్రజలను కాపాడు బాధ్యతను మఱచినారని 1905లో ఒక ప్రసంగమున ఆయన విద్యార్థుల ముందు వాపోయెను. ఆయన అంతటితో ఊరకుండలేదు. ఆనాడు కార్మికులు వారము వారము చెల్లించు జీవితబీమా పాలసీలు మిక్కిలి ఖరీదైనవి. నాలుగు వారములు డబ్బు కట్టలేనివాని పాలసీ రద్దగుచుండెను. బ్రాండైస్ ఆ లెక్కలన్నియు తీసి, పొదుపు బ్యాంకులే తక్కువ ఖర్చుతో బీమా అమ్ముటకు వీలగు పథకమును తయారుచేసెను. 1907లో మసచూసెట్సు రాష్ట్రము దానిని చట్టము చేసినది. ప్రజాసేవకై వెచ్చించిన కాలమునకు ఆయన ఎవరి వద్దను ఫీజు పుచ్చుకొనకపోగా, తన భాగస్వాములకు నష్టము రాకుండ తన కచ్చేరికి తానే సొమ్ము చెల్లించిన సందర్భము కూడ కలదు. ఇచట గెలిచినది ఒక వ్యాజ్యము గాదు. బీదవాని కొఱకు నిలుచు ఏర్పా టొకటి కట్టబడినది. అయితే ఇట్టి పని చేయుటకు బ్రాండైస్ వంటి వారు ఎందఱుందురు? మిగిలినవారికి ఎవరు నేర్పవలెను?

నేర్పు విషయములో ఆనాటి న్యాయకళాశాలల స్థితి విచిత్రముగా నుండెను. 1870లో హార్వర్డు న్యాయకళాశాలకు అధిపతియైన లాంగ్‌డెల్ అను ఆచార్యుడు, పై కోర్టుల తీర్పులను చదివించి చర్చింపజేయు పద్ధతిని ప్రవేశపెట్టెను. అది దేశమంతట వ్యాపించినది. విద్యార్థి వందలకొలది తీర్పులు చదువును గాని, ఒక్క కక్షిదారు ముఖమైనను చూడడు. 1913లో హార్వర్డు విద్యార్థులే ఒక న్యాయసహాయ కేంద్రమును పెట్టుకొనిరి. 1919లో రెజినాల్డ్ హీబర్ స్మిత్ అను యువ న్యాయవాది 'జస్టిస్ అండ్ ది పూర్' అను గ్రంథమును ప్రకటించి, డబ్బు లేనివానికి కోర్టు తలుపులు మూసియున్నవని సాక్ష్యములతో చూపెను. 1931లో జాన్ బ్రాడ్వే డ్యూక్ విశ్వవిద్యాలయమున న్యాయసహాయశాలను నెలకొల్పెను. 1933లో జెరోమ్ ఫ్రాంక్ ఒక వ్యాసము వ్రాసి, వైద్యవిద్యార్థి ఆసుపత్రిలో రోగుల నడుమ నేర్చుకొనుచుండగా న్యాయవిద్యార్థి మాత్రము పుస్తకముల నడుమ ఏల నుండవలెనని ప్రశ్నించెను. ఆ ఏడాదియే న్యూయార్కులో హెరాల్డ్ సెలిగ్‌సన్ అను న్యాయవాది, పట్టా పుచ్చుకొని వృత్తిలో నున్నవారికి పాఠములు చెప్పుటకై ఒక సంస్థను స్థాపించెను. 'ప్రాక్టిసింగ్ లా ఇన్‌స్టిట్యూట్' అని దానికి పేరు. పట్టాతో చదువు ముగియదను మాట అప్పటికి కొత్త.

ఇంత జరిగినను, ఈ న్యాయసహాయశాలలలో కనిపించువారు ఎక్కువగా అద్దె యింటినుండి వెళ్లగొట్టబడినవారు, జీతము రానివారు, కుటుంబ కలహములలో చిక్కినవారు. సంఘములు, చిన్న దుకాణములు ఆ గడప తొక్కలేదు. తమకు న్యాయవాది అవసరమని వారికే తెలియదు. వారికి సాయపడవచ్చునని న్యాయవాదులకును తోచలేదు.

ఆ తెర తొలగినది 1960 తరువాతి దశాబ్దములో. 1963 జూన్ 21వ తేదీన అధ్యక్షుడు కెన్నెడీ 244 మంది న్యాయవాదులను తన భవనమునకు పిలిపించి, నల్లజాతివారి పౌరహక్కుల రక్షణకు నడుము కట్టుడని కోరెను. 1965లో ప్రభుత్వమే బీదలకు న్యాయసహాయ పథకమును ప్రారంభించినది. 1966లో సెనేటరు రాబర్ట్ కెన్నెడీ న్యూయార్కు నగరములోని బెడ్‌ఫర్డ్-స్టైవెసంట్ అను పేట వీధులలో కాలినడకను తిరిగెను. ఇండ్లు పాడుబడి, బ్యాంకులు అప్పీయక, యువకులకు పని లేక ఉన్న పేట అది. పరిశీలనలతో విసిగిపోయితిమని అచటి పెద్దలు ఆయనతో నిష్ఠూరముగా పలికిరి. దాని ఫలితముగా 1967లో ఆ పేట ప్రజలదే యైన ఒక అభివృద్ధి సంస్థ ఏర్పడి, ఫ్రాంక్లిన్ థామస్ అను నల్లజాతి న్యాయవాది దానికి అధిపతి అయ్యెను. అటువంటి సంస్థలు తరువాత అనేక నగరములలో వెలసినవి.

ఇచట ఒక కొత్త చిక్కు బయలుపడినది. ఇట్టి సంస్థను రిజిస్టరు చేయించవలెను, నిబంధనావళి వ్రాయవలెను, పన్ను మినహాయింపు సంపాదింపవలెను, పాడుబడిన కట్టడములను కొనవలెను, బ్యాంకుతో అప్పుపత్రము వ్రాసికొనవలెను. న్యాయసహాయ సంఘములలోని వకీళ్లకు బీదల కష్టములు తెలియును గాని ఈ పనులు రావు. ఈ పనులు క్షుణ్ణముగా తెలిసినవారు వాల్ స్ట్రీటులో బ్యాంకులకును కంపెనీలకును దస్తావేజులు వ్రాయు పెద్ద కచ్చేరీలలో నుండిరి. వారికి పని వచ్చును గాని ఈ కక్షిదారులు తెలియరు. మనసున్నచోట నేర్పు లేదు, నేర్పున్నచోట పరిచయము లేదు. ఈ రెంటిని కలుపుటయే శిక్షణయొక్క అసలు పని.

1969లో న్యూయార్కులోని యువ న్యాయవాదులు కొందఱు ఒక మండలిగా ఏర్పడిరి. అది క్రమముగా 'లాయర్స్ అలయన్స్ ఫర్ న్యూయార్క్' అను సంస్థగా మారి, లాభాపేక్ష లేని సంఘములకు దస్తావేజుల విషయమున సాయపడుటయే తన పనిగా పెట్టుకొన్నది. ఆ సంవత్సరమే కళాకారులకును వారి చిన్న సంఘములకును సాయపడు న్యాయవాదుల సంస్థ కూడ ఆ నగరమున పుట్టినది. 1968లో ఫోర్డు ఫౌండేషను ధనసహాయముతో విలియం పింకస్ నాయకత్వమున ఒక మండలి ఏర్పడి, న్యాయకళాశాలలలో సహాయశాలలు పెట్టించుటకు పూనుకొన్నది. 1977లో వాషింగ్టన్ నగరమున జార్జి వాషింగ్టన్ విశ్వవిద్యాలయము చిన్న వ్యాపారుల కొఱకే ఒక సహాయశాలను తెరచినది.

వృత్తిలో ఆరితేరిన న్యాయవాదికి మరల శిక్షణ యెందుకని శ్రోతలకు తోచవచ్చును. ఒక ఉదాహరణము చెప్పుదును. పసిపిల్లల సంరక్షణ కేంద్రము నడుపు సంఘమొకటి అద్దె ఒడంబడిక కొఱకు వచ్చినదనుకొందము. కంపెనీ న్యాయవాది తన అలవాటు చొప్పున అరువది పుటల దస్తావేజు వ్రాసినచో, ఇంటి యజమాని దానిని చూచి బెదరి వేఱొకరికి ఇల్లిచ్చును. ఏ నాలుగు షరతులు లేనిచో సంఘము నిలువదో, ఏ నలుబది షరతులు వదలినను నష్టము లేదో తెలిసికొనుట వేఱు విద్య.

అంతకన్న సూక్ష్మమైన ప్రశ్న మఱియొకటి కలదు. కక్షిదారు ఎవరు? సంఘము తరఫున కచ్చేరికి వచ్చువాడు అధ్యక్షుడు. మంచివాడు, చొరవగలవాడు. ఆయన కోరినట్లు వ్రాసి యిచ్చుట సులువు. కాని న్యాయవాది కక్షిదారు ఆ అధ్యక్షుడు కాడు, సంఘము. అమెరికన్ బార్ అసోసియేషను 1983లో ఆమోదించిన ఆదర్శ నియమావళిలో ఈ సంగతి స్పష్టముగా చెప్పబడినది. రేపు అధ్యక్షునికిని సభ్యులకును తగాదా వచ్చినచో న్యాయవాది సంఘము పక్షముననే నిలువవలెను. అన్నదమ్ములిద్దరు దుకాణము పెట్టి భాగస్వామ్య పత్రము వ్రాయుమని వచ్చినపుడు కూడ ఇట్టి చిక్కే. ఒకడు పెట్టుబడి పెట్టును, ఒకడు పాటుపడును. విడిపోవలసివచ్చిన నాడు దుకాణము పేరు ఎవరిది, అప్పు ఎవరిది అని ఇద్దరి ముందు అడుగుటకు నేర్పు కావలెను. ప్రేమగా నున్న దినమున అడుగని ప్రశ్న, పగబట్టిన దినమున కోర్టు అడుగును.

అందుచేత ఈ శిక్షణలో కొన్ని పద్ధతులు స్థిరపడినవి. మొదట కొన్ని గంటల పాఠము. తరువాత మాదిరి దస్తావేజులు. ప్రతి కొత్తవానికి తోడుగా ఆ విషయములో అనుభవము గల ఒక పెద్ద. ఏ పని చేయుదుమో, ఏది చేయమో తెలుపు ఉత్తరము ముందుగా కక్షిదారునకు వ్రాసి యిచ్చుట. అన్నింటికన్న మేలైనది, రోగము లేనపుడే చేయు దేహపరీక్ష వంటి తనిఖీ. సంఘము నిబంధనలు, లెక్కలు, జీతముల కాగితములు, అద్దె పత్రము వరుసగా పరిశీలించి లోపములను ముందే చెప్పుట.

ఈ తనిఖీ లేకపోయిన ఏమగునో 2011లో అందఱకు తెలియవచ్చినది. 2006లో అమెరికా శాసనసభ చేసిన చట్టము ప్రకారము, వరుసగా మూడు సంవత్సరములు వార్షిక నివేదిక పంపని ధర్మసంస్థకు పన్ను మినహాయింపు దానంతటదే రద్దగును. అంతకుముందు మిక్కిలి చిన్న సంస్థలు ఏ నివేదికయు పంపనక్కఱ లేకుండెను. 2011 జూన్ నెలలో పన్నుల శాఖ పట్టిక ప్రకటింపగా, సుమారు 2,75,000 సంస్థలు మినహాయింపు కోల్పోయినట్లు తేలెను. వానిలో చాలవఱకు అప్పటికే మూతపడినవని ఆ శాఖయే తలచినది. అయితే జీవించియుండియు ఆ పట్టికకెక్కిన సంస్థలు మరల దరఖాస్తు పెట్టుకొనవలసివచ్చెను. నివేదిక పంపుట కొద్ది నిమిషముల పని. దానిని జ్ఞాపకము చేయువాడే లేకపోయెను.

ప్రభుత్వ సాయము తగ్గినపుడు స్వచ్ఛంద సేవకు విలువ పెరుగును. 1981లో 32 కోట్ల 10 లక్షల డాలర్లున్న న్యాయసహాయ నిధిని మఱుసటి ఏట 24 కోట్ల 10 లక్షలకు తగ్గించిరి. ఆ పిమ్మట న్యాయవాదుల సంఘములు ప్రో బోనో సేవను గట్టిగా చేపట్టినవి. 1993లో సవరించిన నియమము ప్రకారము ప్రతి న్యాయవాదియు ఏటా 50 గంటలు ఫీజు లేని సేవకై యత్నింపవలెను. దానిలో అధికభాగము బీదలకు గాని, బీదల కొఱకు పాటుపడు సంస్థలకు గాని చెందవలెనని అందు కలదు. ఇది ఆదేశము గాదు, ఆదర్శము. 2012లో న్యూయార్కు రాష్ట్ర ప్రధాన న్యాయమూర్తి జొనాథన్ లిప్‌మన్ ఒకడుగు ముందుకు వేసి, కొత్తగా న్యాయవాదులుగా చేరగోరువారు ముందుగా 50 గంటల సేవ చేసి తీరవలెనని ప్రకటించెను. ఆ పని అనుభవజ్ఞుల పర్యవేక్షణలోనే జరుగవలెనని నియమము.

చిన్న వ్యాపారుల విషయములో మాత్రము వివాదము తీరలేదు. లాభము కొఱకు నడుపు దుకాణమునకు ధర్మమేమి యని కొందఱందురు. వారి ఫీజులతో బ్రతుకు చిన్న ప్లీడరు నోటికాడి కూడు తీయుట కాదా యని మఱికొందఱు. రెండును త్రోసిపుచ్చదగిన మాటలు గావు. అందుచేతనే ఇట్టి సహాయశాలలు సామాన్యముగా ఫీజు ఇచ్చుకోగల వ్యాపారిని చేర్చుకొనవు. అయితే 2020లో కరోనా వ్యాధి వ్యాపించి దుకాణములు మూతపడినపుడు ఈ వాదమునకు ఒక సమాధానము దొరకెను. పనివారి జీతములకై ప్రభుత్వము అప్పు లిచ్చినది. నియమముల ప్రకారము ఖర్చుపెట్టినచో ఆ అప్పు మాఫీ యగును. ఆ దరఖాస్తులను నింపుటకు పెద్ద వ్యాపారులకు న్యాయవాదులును గణకులును ఉండిరి. వీధి చివరి క్షౌరశాల యజమానికి ఎవరున్నారు? ఆనాడు అనేక నగరములలో న్యాయవాదులు ముందు తాము ఆ నియమములను నేర్చుకొని, టెలిఫోనుపై ఉచితముగా సలహా చెప్పిరి. బీదవాని దుకాణము పేరునకు వ్యాపారమైనను, నిజమునకు అది ఒక కుటుంబపు అన్నము.

ఇక మన సంగతి. మన న్యాయవాదులు త్యాగమునకు వెనుదీసినవారు గారు. టంగుటూరి ప్రకాశం పంతులుగారు మదరాసులో రాశులు పోయు ప్రాక్టీసును 1921లో వదలి స్వాతంత్ర్య సమరమున దుమికిరి. అయితే అది వృత్తిని వదలి చేసిన సేవ. వృత్తిలోనే యుండి, వృత్తితోనే చేయు సేవ వేఱొకటి. దానికిని మన దేశమున చరిత్ర కలదు. 1924లో బొంబాయిలో న్యాయసహాయ సంఘము పుట్టినది. 1958లో సెతల్వాడ్ అధ్యక్షతన లా కమిషను తన 14వ నివేదికలో న్యాయసహాయము ప్రభుత్వము తీర్చవలసిన బాధ్యతయని నొక్కి చెప్పినది. 1973లో జస్టిస్ కృష్ణయ్యర్ సంఘము నివేదిక సమర్పించినది. 1976లో రాజ్యాంగమునకు 39-ఎ అధికరణము చేరినది. 1987లో న్యాయసేవాధికార సంస్థల చట్టమై, 1995 నవంబరు 9వ తేదీన అమలులోనికి వచ్చినది.

ఈ చట్టము ప్రకారము స్త్రీలు, పిల్లలు, షెడ్యూల్డు కులములు, తెగలవారు, పారిశ్రామిక కార్మికులు, వికలాంగులు, నిర్బంధములో నున్నవారు, అల్పాదాయము గలవారు మొదలగువారు ఉచిత సేవకు అర్హులు. చట్టము మనుష్యులను పేర్కొన్నది. సంఘమును సంఘముగా పేర్కొనలేదు. కాని అందు న్యాయసేవ యనగా కోర్టులో వాదించుట మాత్రమే గాక, ఏ న్యాయవిషయముపైనైనను సలహా చెప్పుట కూడ నని నిర్వచింపబడినది. ఇది చాల విశాలమైన తలుపు. పొదుపు సంఘములో చేరిన పదిమంది స్త్రీలలో ప్రతి యొక్కతెయు ఆ సలహాకు హక్కుదారే.

మన తెలుగువారికి ఇది మఱింత సమీపమైన విషయము. 1995లో అప్పటి ఆంధ్రప్రదేశ్ శాసనసభ పరస్పర సహాయ సహకార సంఘముల చట్టము చేసినది. ప్రభుత్వ వాటాధనము లేకుండ, ప్రభుత్వ పెత్తనము లేకుండ, సభ్యులే తమ నిబంధనలు తాము వ్రాసికొని సంఘము నడుపుకొనవచ్చునని దాని సారము. స్వేచ్ఛ దొరకినది. స్వేచ్ఛతోపాటు నిబంధనావళిని సరిగా వ్రాసికొను భారము కూడ సభ్యులపై పడినది. ఎవరు సభ్యులు, ఎవరు లెక్క చూతురు, అప్పు తీర్చనివానిపై ఏ చర్య, విడిపోవువానికి ఏ వాటా అను సంగతులు పొరుగూరి సంఘపు కాగితమునకు నకలు వ్రాసి పేరు మార్చినంత మాత్రమున తేలునవి గావు. ఆ తప్పు మొదటి ఏట కనబడదు. సొమ్ము పోగైన నాడు కనబడును.

మన న్యాయకళాశాలలలో న్యాయసహాయ కేంద్రము లుండవలెనని బార్ కౌన్సిలు నియమము కలదు. బీదవానికి ఫీజు లేక సాయపడుట న్యాయవాది సంఘమునకు తీర్చవలసిన ఉత్తమ ధర్మములలో ఒకటియని దాని వృత్తినియమములే చెప్పుచున్నవి. కావున కొఱతయైనది నియమము గాదు. ఆ కేంద్రములకు వచ్చు విద్యార్థులకు చట్టములపై ఉపన్యాసములతోపాటు, ఒక గ్రామ సంఘము నిబంధనావళిని చేతికిచ్చి, సభ్యుల నడుమ కూర్చుండబెట్టి, అనుభవజ్ఞుడైన ప్లీడరు ఒకరిని ప్రక్కన నిలిపి, దీనిలో ఏమి లోపమున్నదో చూడుమని నేర్పించినచో ఎంత మేలు!

కోర్టులో గెలిచిన వకీలు పేరు పత్రికల కెక్కును. వ్యాజ్యము రాకుండ వ్రాసిన వకీలు పేరు ఎవరికిని తెలియదు. ఆయన వ్రాసిన కాగితము ఇనుప పెట్టెలో అడుగున నిశ్శబ్దముగా పడియుండును. పైన సంఘము నడచుచుండును, దుకాణము తెరచియుండును. ఆ ఫలము చాలునను న్యాయవాదులను తయారు చేసికొనుట ఏ దేశమునకైనను మంచి పొదుపు.